చల్లని పాట, వెచ్చని వాల్వు

"ఈ స్టీరియోలో పాట స్పష్టముగానే ఉన్నది గాని, మా నాయన రేడియోలో ఉండిన నిండుదనము ఇందులో లేదు" అను మాట కడపలోను, ప్రొద్దుటూరులోను, రాజంపేటలోను పాత రేడియోలున్న ఇండ్లలో నేటికిని వినవచ్చుచున్నది. ఈ కొరతకు అంగళ్ళవారు చెప్పు మందు ఒకటి కలదు. ఒక వాల్వు ప్రీఆంప్లిఫయరును కొని, పాట వచ్చు యంత్రమునకును ఆంప్లిఫయరుకును నడుమ చేర్చిన చాలును, పాత నిండుదనమంతయు తిరిగి వచ్చునని వారందురు. దాని వెల వేల రూపాయలు. కొన్నింటి వెల లక్ష దాటును. ఒక కుటుంబము అంత సొమ్ము వెచ్చించునప్పుడు, వచ్చునదేమి, రానిదేమి అని ముందుగా తెలిసికొనుట అవసరము. ఈ ప్రశ్నకు సమాధానము యంత్రము పెట్టెలో కంటె యంత్రము చరిత్రలో ఎక్కువగా దొరకునని మా నమ్మకము.

మొదట మాట సంగతి చూతము. వాల్వు ధ్వనిని 'వెచ్చనిది' అని పొగడుట చలిదేశముల వాడుక. అక్కడ వెచ్చదనము సుఖము. మే నెలలో బండలు కాలు మన సీమలో మంచి మాటను చల్లని మాట అందుము, మంచి చూపును చల్లని చూపు అందుము. చెవికి ఇంపైన గొంతును మెత్తని గొంతు, నిండు గొంతు అందుము. కాబట్టి వారు వెచ్చదనమనునదియు, మనము చల్లదనమనునదియు ఒకటే. ధ్వనిలో కరకుదనము లేకుండుట, మంద్రము నిండుగా నుండుట, ఎంతసేపు విన్నను చెవి అలసిపోకుండుట అని దాని అర్థము.

ఇక వాల్వు పుట్టుక. 1883లో అమెరికాలో ఎడిసన్ విద్యుద్దీపముపై ప్రయోగములు చేయుచు, కాలిన తీగనుండి శూన్యముగుండ కరెంటు ప్రవహించుటను గమనించినాడు. దానికి ప్రయోజనమేమో ఆయనకు తోచలేదు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ అను ఆచార్యుడు ఆ గుణమును పట్టుకొని రెండు ధ్రువముల వాల్వును చేసినాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ రెండింటి నడుమ సన్నని తీగ జల్లెడనొకదానిని చేర్చినాడు. ఈ మూడవ ధ్రువమే ప్రపంచమును మార్చినది.

దాని పని తెలియుటకు కర్నూలు, కడప కాలువ మీది తూమును తలచుకొనిన చాలును. తూము తలుపును ఎత్తి దించుటకు ఒక మనిషి చేతి బలము సరిపోవును. కాని ఆ తలుపు కదలికను బట్టి నూరెకరములు తడుపు నీరు హెచ్చి తగ్గుచుండును. వాల్వులో జల్లెడ అట్టి తలుపు. దానికందు బలహీనమైన సంకేతము ఎట్లు కదలునో, వెనుకనున్న పెద్ద కరెంటు అట్లే కదలును. చిన్నదానిని పెద్దదిగా చేయు ఈ పనినే ఆంప్లిఫికేషను అందురు. 1915లో న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు టెలిఫోనులో మాట వినబడుటకు ఈ వాల్వులే కారణము. 1925లో గ్రామఫోను రికార్డులు కొమ్ముబూరకు బదులు మైకుతో ముద్రింపబడుటకును ఇవియే కారణము.

మన ప్రాంతము అప్పుడు మదరాసు రాజధానిలో భాగము. సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు స్థాపించిన మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జూలై 31న ప్రసారములు మొదలుపెట్టినది. ధనాభావముచేత అది 1927లో ఆగిపోగా, దాని ప్రసారయంత్రమును మదరాసు కార్పొరేషను తీసికొని 1930లో తిరిగి నడిపినది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మదరాసు కేంద్రము వెలసినది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము ఏర్పడినవి. కడప పేరు రేడియో ముల్లు క్రిందికి వచ్చుటకు పూర్వము పాతికేండ్లపాటు ఈ జిల్లావారు మదరాసు, విజయవాడల గొంతులను దూరమునుండి, రాత్రివేళలందు, గరగర శబ్దముల నడుమ పట్టి విన్నారన్నమాట.

ఆనాటి రేడియో అనగా వాల్వు రేడియోయే. కరెంటు వచ్చిన పట్టణపు ఇండ్లలో అయిదారు వాల్వుల పెట్టె ఉండెడిది. కరెంటు రాని పల్లెలలో బ్యాటరీ పెట్టెలు ఉండెడివి. వానిలో కాలు తీగకు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ, ప్లేటుకు తొంబది వోల్టుల బ్యాటరీ అవసరమయ్యెడివి. ఆ బరువైన బ్యాటరీ పట్టణమునుండి బస్సులో రావలెను. అది అయిపోవునేమో అని వార్తలు కాగానే కట్టివేయు పొదుపు ఎన్నో ఇండ్లలో ఉండెడిది. పోస్టాఫీసులో ఏటేట లైసెన్సు రుసుము చెల్లింపవలసి ఉండెడిది. ఇంత వ్యయప్రయాసలతో విన్న పాట మనసులో నిలిచిపోవుటలో ఆశ్చర్యము లేదు. మీట త్రిప్పిన పిమ్మట వాల్వులు కాగు వరకు కొన్ని క్షణములు మౌనము, పిదప పచ్చని కన్ను మెల్లగా తెరచుకొనుట, ఆ తరువాత దూరమునుండి నడచివచ్చినట్లు గొంతు దగ్గరగుట. ఆ నిరీక్షణము కూడ సంగీతములో భాగమే.

ఇప్పుడు అసలు విషయము. ఆ పెట్టెలోని నిండుదనమునకు కారణము వాల్వులేనా? నిష్పాక్షికముగా చూచినచో, వాల్వుల వాటా కొంతమాత్రమే. మీడియం వేవు రేడియోలో సెకనుకు సుమారు అయిదువేల కంపనములకు మించిన స్వరములు దాదాపుగా వినబడవు. తాళపు ఝణఝణ, తీగల గీత, 'స'కారపు బుస, ఇవన్నియు ఆ పై భాగముననే ఉండును. అవి పోగా మిగిలినది సహజముగానే మెత్తగా నుండును. రెండవది, టేకు పలకల పెట్టె. దాని వెనుక భాగము తెరచి ఉండుటచేత పెట్టెయంతయు వీణకుండవలె కొంత మోగెడిది. మూడవది, వెడల్పైన కాగితపు లౌడ్‌స్పీకరు. నాలుగవది, చివరి వాల్వుకును స్పీకరుకును నడుమనున్న ట్రాన్స్‌ఫార్మరు. ఈ నాలుగింటిని విడిచి, సంకేతము మొదట ప్రవేశించు చోట రెండు చిన్న వాల్వులు మాత్రము చేర్చినంతనే నాయనగారి రేడియో తిరిగివచ్చుననుట, తాలింపు గింజలు నాలుగు వేసి అవ్వ చేతి సంకటి రుచి వచ్చుననుట వంటిది.

ఇంకొక చారిత్రక సత్యము మరింత వింతగా తోచును. వాల్వుల కాలమందలి ఇంజనీర్లు ఎవ్వరును వెచ్చదనము కోరలేదు. వారు కోరినది స్వచ్ఛత. 1927లో బెల్ ప్రయోగశాలలో హెరాల్డ్ బ్లాక్ అను యువకుడు, బయటికి వచ్చిన ధ్వనిలో కొంతభాగమును తిరిగి లోపలికి ఎదురుగా పంపి దోషములను తగ్గించు ఉపాయము కనిపెట్టినాడు. 1945లో ఇంగ్లండులో లీక్ కంపెనీ తన ఆంప్లిఫయరుకు 'పాయింట్ వన్' అని పేరు పెట్టినది. వికారము నూటికి పదవవంతు మాత్రమే అని దాని భావము. 1947లో విలియంసన్ ప్రకటించిన ఆంప్లిఫయరు పటమును చూచి ప్రపంచమంతటను ఔత్సాహికులు ఇండ్లలో నిర్మించుకొనినారు. 1950 ప్రాంతపు దశకములో మల్లార్డు కంపెనీవారు అయిదు వాల్వులతో పది వాట్ల ఆంప్లిఫయరు పటమును జనులకు అందించినారు. వీరందరి పోరాటము వాల్వు తన రంగు పాటకు పూయకుండునట్లు చూచుటకే. మనము నేడు వెల పెట్టి కొనదలచిన రంగు, ఆనాడు వారు కష్టపడి కడిగిన రంగేనని గుర్తింపవలెను.

1947 డిసెంబరులో ట్రాన్సిస్టరు పుట్టినది. దానికి కాగవలసిన తీగ లేదు, పెద్ద వోల్టేజి అక్కరలేదు. రెండు ధ్వనిమార్గముల స్టీరియో పద్ధతికి ఇంగ్లండులో బ్లుంలీన్ 1931లోనే పేటెంటు కోరగా, స్టీరియో రికార్డులు బజారుకు వచ్చుటకు 1958 వరకు పట్టినది. ఆ విధముగా వాల్వు అస్తమించు కాలమును స్టీరియో ఉదయించు కాలమును ఒకటైనవి. మన దేశములోను ఈ సంధి స్పష్టముగా కనబడును. 1954లో బెంగుళూరులో స్థాపింపబడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వులను, మరుసటి యేడే, 1962లో, జెర్మేనియం పరికరములను తయారుచేయసాగినది. వాల్వుకు స్వదేశమున ఊయల కట్టిన యేడాదికే దాని వారసుడు ఇంటికి వచ్చినట్లయినది. బ్యాటరీ బరువు మోసిన మన పల్లెలకు ట్రాన్సిస్టరు నిజముగా వరమే. పొలము గట్టునకు రేడియో వెళ్ళినది దానివలననే. ఈ మేలును మరచి పాతదానినే పొగడుట న్యాయము కాదు.

అయినను వాల్వు పూర్తిగా చావలేదు. రష్యాలోని సరాతోవులోను, స్లొవేకియాలోను, చైనాలోను సంగీతప్రియుల కొరకు నేటికిని వాల్వులు తయారగుచున్నవి. కేవలము జ్ఞాపకమే అయినచో ఇంతకాలము నిలిచియుండునా? దానిలో ఒక స్వాభావిక గుణము ఉన్నది. దానిని మన సంగీత పరిభాషలోనే చెప్పవచ్చును.

ఏ ఆంప్లిఫయరును ఇచ్చిన స్వరమును మాత్రమే తిరిగి ఇవ్వదు, దానితోపాటు కొన్ని ఉపస్వరములను అతిస్వల్పముగా కలుపును. ఆధార షడ్జమునిచ్చినచో, రెండవ ఉపస్వరము పై స్థాయి షడ్జము, మూడవది ఆ పై స్థాయి పంచమము, నాలుగవది దాని పై షడ్జము, అయిదవది అంతర గాంధారము. తంబుర మీటినపుడు మీటని గాంధారము దానంతటదియే మ్రోగుటను శ్రోతలు ఎరుగుదురు. ఏడవది మొదలగు కొన్ని మన స్వరస్థానములలో దేనికిని సరిగా అతకవు. త్రిధ్రువ వాల్వు సాధారణ రీతిలో పనిచేయునపుడు కలుపునది ప్రధానముగా రెండవ ఉపస్వరము, అనగా పై షడ్జము. ఒక గొంతుకు అదే గొంతు పై స్థాయిలో మెల్లగా తోడు పలికినట్లుండును. కొద్దిపాటి మోతాదులో ఇది చెవికి దోషముగా తోచక, నిండుగా తోచును. వాల్వు వెచ్చదనమనునది చాలవరకు ఇదియే.

కాని దీనికి మరొక ముఖము కలదు. ఒక్క గొంతు, ఒక్క వీణ ఉన్నప్పుడు ఈ తోడు సుఖము. గాయకుడు, వయొలిను, మృదంగము, ఘటము కలిసినపుడు, ఆ స్వరముల మొత్తములును తేడాలును కూడ క్రొత్త స్వరములై పుట్టును. అవి ఏ శ్రుతికిని చెందవు. అందుచే రంగు ఎక్కువైన ప్రీఆంప్లిఫయరు అన్నమయ్య కీర్తన ఒంటిగొంతుతో పాడినపుడు మేలుచేసి, పెద్ద కచేరీలో బురద కలుపును.

మరియొక సంగతి. మనము వినగోరు పాత పాటలలో ఆ రంగు ముందే ఉన్నది. కడప జిల్లాలో పుట్టిన బి. యన్. రెడ్డి, నాగిరెడ్డి సోదరులు మదరాసు చిత్రపరిశ్రమలో ఎంతటివారైరో అందరును ఎరుగుదురు. 1951లో బి. యన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' వెలువడినపుడు, భానుమతిగారి గొంతు మైకునుండి ఫిలిముపైకి వెళ్ళువరకు వాల్వుల గుండనే ప్రయాణము చేసినది. ఆ కాలమున వేరు మార్గము లేదు. ఆ పాటను వినుటకు ఇంటిలో మరల వాల్వు అత్యవసరము కాదు, నిషిద్ధమును కాదు. ఒకసారి తాలింపు పడిన పప్పునకు మరియొక తాలింపు వేయునపుడు చేయి కొంచెము వెనుకకు తీయవలెనని మాత్రము మా మనవి.

ఈ విషయమున మేము కూడ మోసపోయినవారమే. కొన్ని యేండ్ల క్రిందట చౌకగా వచ్చినదని ఒక చిన్న ప్రీఆంప్లిఫయరును తెప్పించుకొంటిమి. మీట నొక్కిన తక్షణమే వాల్వులు నీలముగా వెలిగినవి. ఇంటివారందరు మురిసినారు. పాట మాత్రము మునుపటివలెనే ఉన్నది, పైగా గుయ్యిమను శబ్దము చేరినది. మూత విప్పి చూడగా, ఆ వెలుగు వాల్వులది కాదు, వాని క్రింద అమర్చిన చిన్న దీపములది. వాల్వులకు అందునది పండ్రెండు వోల్టులు, పని చేయునది ప్రక్కనున్న చిన్న చిప్పు. నిజమైన వాల్వు తీగ మసక నారింజరంగున, బూడిదలో నిప్పువలె వెలుగును. అది కాగుటకు కొంత సమయము పట్టును. నొక్కగానే నీలముగా వెలిగినచో అది అలంకారమని గ్రహింపవలెను. తక్కువ వోల్టేజికని పూర్వము కారు రేడియోల కొరకు చేసిన ఇ.సి.సి.86 వంటి వాల్వులు లేకపోలేదు. కాని అంగట అమ్ము చౌక పెట్టెలలో సాధారణముగా ఉండునవి, నూరు వోల్టులకు పైబడిన ప్లేటు వోల్టేజితో సరిగా పనిచేయు రకములు.

కొనదలచినవారు చూడవలసిన అంశములను ఇట్లు క్రోడీకరింపవచ్చును.

మొదటిది, పాట ఎక్కడినుండి వచ్చుచున్నది? సీడీ యంత్రము సుమారు రెండు వోల్టుల సంకేతమునిచ్చును. అది ఆంప్లిఫయరుకు చాలినంత. అట్టిచోట నూరురెట్లు పెంచు శక్తిగల ఇ.సి.సి.83 వాల్వును పూర్తిగా వాడుట చిన్న దొన్నెకు ఏతాముతో నీరు తోడుట వంటిది. మీట కొంచెము కదల్చినను గొంతు హోరెత్తును, సన్నని రొద వెనుక నిలుచును. ఇరువది రెట్లకు లోపుగా పెంచు ఇ.సి.సి.82, ముప్పది మూడు రెట్ల ఇ.సి.సి.88 అక్కడ తగినవి. రికార్డు ప్లేయరు సూది ఇచ్చు సంకేతము వోల్టులో వేయవవంతులు కొన్ని మాత్రమే. దానికి పెంపు ఎక్కువగా కావలెను, రికార్డు ముద్రణలో తగ్గించిన మంద్రమును తిరిగి సరిదిద్దవలెను. ఇ.సి.సి.83 అసలు స్థానము అది.

రెండవది, జోడింపు. ప్రీఆంప్లిఫయరు బయటికిచ్చు మార్గపు నిరోధము, దాని తరువాతి ఆంప్లిఫయరు లోపలి నిరోధములో పదవవంతుకు మించరాదని ఇంజనీర్ల వాడుక. ఈ నియమము తప్పినచో మంద్రము పలుచబడును. నిండుదనము కొరకు కొన్నది ఉన్న నిండుదనమును తీసివేయును. కాగితముపై ఈ రెండు అంకెలు లేని సరుకును కొనకుండుట మేలు.

మూడవది, కరెంటు. మన పల్లెలలో మోటార్లు వేసిన వేళ వోల్టేజి క్రుంగుట, ఆపిన వేళ ఎగయుట నిత్యవ్యవహారము. వాల్వు కాలు తీగ ఆరు వోల్టుల మూడు పదులవంతులకు ఏర్పడినది. దాని హెచ్చుతగ్గులు నూటికి పది దాటినచో వాల్వు ఆయువు తగ్గును. కాబట్టి మంచి స్టెబిలైజరు ఖర్చును వెలలోనే చేర్చుకొనవలెను. వేడి సంగతి భయపడవలసినంత లేదు. ఈ చిన్న వాల్వు తీగ ఒక్కొక్కటి రెండు వాట్లు మాత్రమే తీసికొనును. అయినను మన వేసవిలో దానిని మూసిన బీరువాలో ఉంచరాదు, పైన గుడ్డ కప్పరాదు.

నాలుగవది, ప్రమాదము. లోపలి వోల్టేజి రెండువందల యేబది వరకు ఉండవచ్చును. మీట ఆపి ప్లగ్గు తీసిన తరువాత కూడ కండెన్సర్లలో అది కొంతసేపు నిలిచియుండును. పిల్లలున్న ఇంటిలో మూత విప్పు పని తెలిసిన మెకానిక్కునకే వదలవలెను.

అయిదవది, మరమ్మతు. ఒకనాడు ప్రతి తాలూకా పట్టణములోను వాల్వు రేడియో బాగుచేయు చేతులుండెడివి. నేడు ఆ పెద్దలు కొద్దిమందియే. మనకు అందుబాటులో ఉన్న మనిషి బాగుచేయగల సరుకును, అందరికిని తెలిసిన వాల్వు రకమును వాడు సరుకును ఎన్నుకొనవలెను. ఒక జత వాల్వులను అదనముగా ఇంట ఉంచుకొనవలెను.

వీటన్నిటికంటె ముందు చూడవలసినది గది. పాత మట్టిమిద్దెలలో దూలములు, దంతెలు, మట్టిగోడలు, మూలనున్న ధాన్యపు బస్తాలు ధ్వనిలోని కరకుదనమును త్రాగివేసెడివి. నేటి సిమెంటు గదిలో క్రింద నునుపైన కడప బండ, పైన కాంక్రీటు కప్పు, ప్రక్కల రంగువేసిన గోడ, అన్నియు ధ్వనిని తిరిగి మన ముఖముపైననే కొట్టును. నాయనగారి రేడియోలో ఉండి మన స్టీరియోలో లేనిది కొంత ఆ మిద్దెయే. స్పీకర్ల ముందు ఒక మందమైన జంపఖానా పరచి, గోడకు ఒక దుప్పటి వ్రేలాడదీసి, వెనుక పుస్తకముల అలమర నిలిపి వినుడు. దీనికి ఖర్చు లేదు. ఎన్నో ఇండ్లలో కరకుదనము సగము ఇక్కడనే తీరును.

అప్పటికిని కొరత తోచినచో ప్రీఆంప్లిఫయరును తెచ్చి పరీక్షింపుడు. కాని పరీక్ష న్యాయముగా నుండవలెను. ఏది కొంచెము హెచ్చుగా మ్రోగునో దానినే చెవి మంచిదనును. గనుక రెండింటి బిగ్గరదనమును సమానము చేయవలెను. వినువారికి ఏది ఎప్పుడు మ్రోగుచున్నదో తెలియరాదు. ఇంటిలో పెద్దవారిని, ఆ పాత రేడియోను నిజముగా విన్నవారిని, కూర్చుండబెట్టి, వారెరిగిన పాటను వినిపించి అడుగవలెను. వారు పదిసార్లలో ఎనిమిది తొమ్మిది సార్లు ఒకదానినే కోరినచో సొమ్ము వెచ్చించుట సార్థకము. తేడా చెప్పలేకపోయినచో ఆ సొమ్ముతో మంచి స్పీకర్లు కొనుట మేలు.

కడపటి మాట ఒకటి. ఎన్నో ఇండ్ల అటుకమీద పాత వాల్వు రేడియో దుమ్ముపట్టి ఉన్నది. దానిని పాతసామానువానికి తూకమునకు వేయకుడు. ఏండ్ల తరబడి మూలబడిన పెట్టెను నేరుగా ప్లగ్గున పెట్టవద్దు, ముందు మెకానిక్కుతో దాని కండెన్సర్లను చూపింపవలెను. బాగుపడినచో, కడప కేంద్రము 900 కిలోహెర్ట్జుల చోట ముల్లు నిలిపి, వాల్వులు కాగువరకు వేచియుండుడు. వేల రూపాయల క్రొత్త యంత్రములో మనము వెదకుచున్న చల్లదనములో కొంత వాల్వుది, కొంత టేకు పెట్టెది, కొంత మిద్దెది. మిగిలినది, మీట త్రిప్పి మనలను ప్రక్కన కూర్చుండబెట్టుకొన్న చేతిది. మొదటి మూడింటిని కొనవచ్చును, కట్టవచ్చును. నాలుగవది మన పిల్లలకు మనమే ఇవ్వవలెను.